మన ఊరి ఆయిల్ కంపెనీ చరిత్ర రాయటం ఎలా: గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల వారి కోసం

బరంపురంలోనో పర్లాకిమిడిలోనో రాయగడలోనో ఉన్న ఒక పాత పెట్రోలు బంకు గురించి, దానికి సరకు పంపిన కంపెనీ గురించి నాలుగు పేజీలు రాయాలని కూర్చున్నవారు చాలామంది కంపెనీ వెబ్‌సైటుతో మొదలుపెడతారు. అక్కడ మొదలుపెట్టవద్దని నా సలహా. కంపెనీ తన పేరు పుట్టినప్పటి నుంచి చరిత్ర చెప్పుకుంటుంది. మీకు కావలసినదేమో ఆ స్థలంలో నేల కింద ట్యాంకు పాతిన రోజు నుంచి జరిగిన సంగతి. బోర్డు మీది పేరు రెండు మూడుసార్లు మారి ఉంటుంది, జిల్లా పేరు మారి ఉంటుంది, మన ప్రాంతంలోనైతే రాష్ట్రమే మారింది. ట్యాంకు మాత్రం చాలాచోట్ల వేసినచోటనే ఉంది.

ఈ సంగతి నేను తప్పు చేశాక గాని తెలుసుకోలేదు. కొన్నేళ్ళ క్రితం ఒక తాలూకా కేంద్రంలోని హెచ్‌పీ బంకు గురించి ఒక సావనీరుకు వ్యాసం రాస్తూ, ఆ కుటుంబం వారి లెటర్‌హెడ్ మీద ఉన్న "స్థాపితం 1978" అన్న మాటను నమ్మి, బంకు ఆ ఏడాదే మొదలైందని రాశాను. సావనీరు అచ్చయి వచ్చాక, ఆ దారిలోనే జీవితమంతా లారీ నడిపిన ఒక పెద్దాయన నన్ను బజారులో ఆపి, "బాబూ, నక్షత్రం బోర్డు ఉన్నప్పటి నుంచి నేను అక్కడ డీజిలు పోయించుకున్నాను, నువ్వు రాసిన ఆ ఏడాదికి నాకు పెళ్ళయి పిల్లలు కూడా ఉన్నారు" అన్నాడు. నక్షత్రం అంటే కాల్టెక్స్ అన్న అమెరికా కంపెనీ గుర్తు. 1978 అనేది కాల్టెక్స్ ఆస్తులు హిందుస్తాన్ పెట్రోలియంలో కలిసిన సంవత్సరం. కొత్త పేరుతో కొత్త డీలరు ఒప్పందం కాగితం చేతికి వచ్చిన ఏడాదినే ఆ కుటుంబం స్థాపన సంవత్సరంగా వేసుకుంది. వారు అబద్ధం చెప్పలేదు, నేనే కాగితాన్ని సరిగా చదవలేదు.

కాబట్టి చేతికి వచ్చిన ప్రతి కాగితాన్నీ రెండు ప్రశ్నలు అడగండి: ఈ కాగితం రాసిన రోజున ఈ ఊరు ఏ జిల్లాలో, ఏ రాష్ట్రంలో ఉంది? అదే రోజున ఈ కంపెనీ పేరేమిటి? రెండు జవాబులూ ఒకదానికొకటి పొసగకపోతే ఆ కాగితం మీద తేదీ తప్పు, లేదా అది తరువాత రాసిన నకలు.

మొదట కంపెనీల వంశవృక్షం ఒక పెద్ద కాగితం మీద గీసుకుని గోడకు అంటించుకోండి. మన ప్రాంతానికి పనికొచ్చే కొమ్మలు మూడు, నాలుగు. బర్మా ఆయిల్ కంపెనీ 1886లో గ్లాస్గోలో పుట్టిన సంస్థ, బర్మాలోని యెనాంజాంగ్ బావుల నూనెను రంగూను దగ్గరి సిరియం రిఫైనరీలో శుద్ధి చేసి మన తీరానికి కిరసనాయిలు పంపేది; ఇండియాలో దాని ఏజెంట్లు షా వాలెస్ వారు. షెల్ వైపు వ్యాపారం ఏషియాటిక్ పెట్రోలియం పేరుతో నడిచేది. ఈ రెండూ ఇండియాలో అమ్మకాలకు 1928లో చేతులు కలిపి బర్మా షెల్ అయ్యాయి. కనుక ఏషియాటిక్ పెట్రోలియం పేరున్న రశీదు మీకు దొరికితే అది చాలావరకు 1928కి ముందుదే. బర్మా షెల్‌ను 1976 జనవరి 24న కేంద్ర ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. ఆ తరువాత కొంతకాలం దాని పేరు భారత్ రిఫైనరీస్ లిమిటెడ్, 1977 ఆగస్టు 1 నుంచి భారత్ పెట్రోలియం. మధ్యలో ఉన్న ఆ ఏడాదిన్నర చరిత్రకారుడికి వరం వంటిది. నేను చూసిన ఒక ఉత్తరం మీద బర్మా షెల్ అన్న అచ్చు అక్షరాలను ఊదారంగు రబ్బరు ముద్రతో అడ్డంగా కొట్టి, కింద భారత్ రిఫైనరీస్ అని మరో ముద్ర వేశారు. పాత లెటర్‌హెడ్లు అయిపోయేదాకా వాడుకున్నారన్నమాట. అటువంటి ఉత్తరం మీద తేదీ చెరిగిపోయినా మీకు నష్టం లేదు.

రెండో కొమ్మ అమెరికా కంపెనీలది. స్టాండర్డ్ వాక్యూమ్ 1933లో ఏర్పడింది, 1962లో చీలి మన దేశంలో ఎస్సో అయింది, 1974లో జాతీయం చేశాక జూలై 15 నుంచి హిందుస్తాన్ పెట్రోలియం అయింది. కాల్టెక్స్ కథ మన జిల్లాలకు మరీ దగ్గరిది, ఎందుకంటే 1957లో విశాఖపట్నంలో మొదలైన రిఫైనరీ దానిదే. ఏడాదికి ఏడు లక్షల టన్నులలోపు సామర్థ్యంతో మొదలైన ఆ రిఫైనరీ ఇటు బరంపురానికీ అటు సాలూరు కనుమ ఎక్కి కొరాపుట్‌కూ అందుబాటులో ఉన్న రిఫైనరీ. దక్షిణ ఒడిశా బంకుల చరిత్ర రాసేవారు 1957ను ఒక మలుపుగా గుర్తుపెట్టుకుని, ఆ సంవత్సరానికి ముందు సరకు ఏ రేవు నుంచి, ఏ స్టేషను నుంచి వచ్చిందో, తరువాత ఎక్కడి నుంచి వచ్చిందో విడివిడిగా అడగాలి. కాల్టెక్స్ 1976 చివర ప్రభుత్వపరమై 1978లో హిందుస్తాన్ పెట్రోలియంలో కలిసింది. మూడోది ఇండియన్ ఆయిల్: 1959లో అమ్మకాల కంపెనీగా పుట్టి 1964 సెప్టెంబరు 1న రిఫైనరీస్ సంస్థతో కలిసి కార్పొరేషన్ అయింది. ఐబీపీ అన్న బోర్డు గుర్తున్నవారు ఇంకా ఉన్నారు. 1909లో రంగూనులో పుట్టిన ఇండో బర్మా పెట్రోలియం అది, 2007లో ఇండియన్ ఆయిల్‌లో కలిసిపోయింది.

ఇక ఊళ్ళ సంగతి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా బరంపురం, పర్లాకిమిడి మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లావి. రాయగడ, గుణుపురం, జయపురం విశాఖపట్నం జిల్లావి. పర్లాకిమిడి పట్టణం ఒరిస్సాకు వచ్చినా ఆ జమీందారీ ఎస్టేటులో పెద్ద భాగం మద్రాసు వైపే ఉండిపోయింది. ఆ చీలిక ఎంత చిక్కు పెడుతుందో ఒక్క స్టేషను చూస్తే చాలు. పర్లాకిమిడి చిన్న రైలు 1900 ఏప్రిల్ 1న నౌపడ నుంచి మొదలైంది. పర్లాకిమిడికి రైలు మీద వచ్చిన సరకేదైనా నౌపడలో దిగి ఈ చిన్న బండి ఎక్కవలసిందే. అదే నౌపడ 1936 దాకా గంజాం జిల్లా, ఆ తరువాత విశాఖపట్నం జిల్లా, 1950 ఆగస్టు 15 నుంచి శ్రీకాకుళం జిల్లా. రాష్ట్రం చూస్తే మద్రాసు, 1953లో ఆంధ్ర, 1956లో ఆంధ్రప్రదేశ్. ఒకే స్టేషను పేరు మీద వచ్చిన రైల్వే రశీదులకు ఇన్ని చిరునామాలు. ఇటు ఒడిశాలో గజపతి, రాయగడ జిల్లాలు 1992 అక్టోబరు 2న ఏర్పడ్డాయి గనుక, "కొరాపుట్ జిల్లా, రాయగడ" అని ఉన్న ముద్ర అంతకు ముందుది.

బర్మా కూడా 1937 ఏప్రిల్ 1 దాకా ఇండియాలో ఒక రాష్ట్రమే. అంటే 1937కు ముందు గోపాలపురం రేవు దాటి రంగం (రంగూను) పోయిన మన తాతలు, అక్కడి నుంచి వచ్చిన కిరసనాయిలు, రెండూ ఒకే దేశంలో తిరిగినట్టు లెక్క. దిగుమతి సుంకాల లెక్కల్లో బర్మా కిరసనాయిలు కనబడలేదని కంగారుపడేవారికి ఇదే జవాబు. ఏ మార్పు చూసినా ఏప్రిల్ ఒకటో తారీఖే కనబడుతోందని విసుక్కోకండి. ప్రభుత్వాల లెక్కల సంవత్సరం అక్కడ మొదలవుతుంది మరి.

తేదీ లేని కాగితానికి తేదీ కట్టటం

బంకులో దొరికే పాత కాగితాల్లో సగానికి తేదీ ఉండదు, ఉన్నా చెదలు తినేసి ఉంటుంది. అప్పుడు కాగితం లోపలి కొలతలు, నాణేలు సాక్ష్యం చెబుతాయి. బిల్లు గాలన్లలో, రూపాయలు అణాలు పైసల్లో ఉంటే అది 1957 ఏప్రిల్‌కు ముందుది. గాలన్లు ఉండి "నయా పైసలు" ఉంటే 1957 తరువాత కొద్దికాలంలోనిది, ఎందుకంటే 1956 చట్టం ప్రకారం లీటరు కొలత దశలవారీగా వచ్చి 1960ల మొదట్లో స్థిరపడింది. నయా అన్న మాట 1964లో పోయింది. ఒక గాలను 4.546 లీటర్లు, పాత అమ్మకాల లెక్కను ఇప్పటి లెక్కతో పోల్చేటప్పుడు అమెరికా గాలనుతో పొరబడకండి, అది చిన్నది. చిరునామాలో పిన్‌కోడు ఉంటే 1972 ఆగస్టు తరువాతది. జాతీయ రహదారి 5 అని ఉంటే 2010లో నంబర్లు మార్చటానికి ముందుది, ఇప్పుడది 16. సాలూరు మీదుగా జయపురం వెళ్ళే దారి పాత 43, ఇప్పటి 26. ఫోటోలో లారీ ఉంటే నంబరు ప్లేటును భూతద్దంతో చూడండి: ఓఆర్ తరువాత జిల్లా అక్షరం ఉంటే పాత పద్ధతి, అంకెలు ఉంటే 1989 తరువాతది.

భూమి కాగితాలలో ఫసలీ, అంటే శిస్తు లెక్కల సంవత్సరం, వస్తే చాలామంది చేతులెత్తేస్తారు. మద్రాసు ఫసలీ జూలై 1న మొదలవుతుంది, దానికి 590 కలిపితే మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫసలీ 1345 అంటే 1935 జూలై నుంచి 1936 జూన్ దాకా. మన ఊళ్ళు రాష్ట్రం మారిన ఏడాది సరిగ్గా అందులోనే ఉంది. ఆ ఫసలీకి సంబంధించిన శిస్తు రశీదు ఒకదాని మీద పైన తెలుగులో మద్రాసు ముద్ర, కింద కొత్త ప్రభుత్వపు ముద్ర కలిసి ఉండటం నేను చూశాను. దాన్ని చేతిలో పట్టుకున్న రోజు నాకు అన్నం సహించలేదు, అంత సంతోషం.

ఏ కాగితం ఎక్కడ

బంకు జీవితంలో అన్నిటికన్నా నమ్మదగిన కాగితం పెట్రోలియం లైసెన్సు. 1934 పెట్రోలియం చట్టం కింద నిల్వకు లైసెన్సు ఇచ్చేది పేలుడు పదార్థాల శాఖ, ఇప్పుడు పెసో అంటున్నారు, ముఖ్య కార్యాలయం నాగపూరు. 1937, 1976, 2002 నియమాల ప్రకారం ఫారాల నంబర్లు మారుతూ వచ్చాయి గాని, లైసెన్సుతో పాటు ఆమోదించిన నక్షా ఒకటి ఉంటుంది; రోడ్డు ఎటు, ట్యాంకు ఎన్ని అడుగుల లోతున, పంపు ఎక్కడ, పక్క ఇల్లు ఎంత దూరం, అన్నీ అందులో గీసి ఉంటాయి. లైసెన్సు పునరుద్ధరించిన ప్రతిసారీ వేసిన ముద్రలు వరుసగా ఉంటాయి గనుక కంపెనీ పేరు ఏ ఏడాది మారిందో వేలు పెట్టి చూపించవచ్చు. లైసెన్సుకు ముందు జిల్లా మేజిస్ట్రేటు ఇచ్చిన నిరభ్యంతర పత్రం కలెక్టరాఫీసు ఫైళ్ళలో ఉంటుంది. డీలరు గారిని ముందుగా ఈ నక్షా చూపించమని అడగండి. లెక్కల పుస్తకాలు అడిగితే భయపడతారు, నక్షా అడిగితే మురిసిపోతారు.

రెండోది స్థలం కౌలు దస్తావేజు. పాత రోజుల్లో కంపెనీలు రోడ్డుపక్క స్థలాన్ని యజమాని దగ్గర దీర్ఘకాలపు కౌలుకు తీసుకుని, దానిలో పంపు వేసి, నడపటానికి మాత్రం డీలరును పెట్టేవి. ఆ దస్తావేజు సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఉంటుంది, ఈసీ (ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) తీయించండి. ఒడిశా వైపు ఇప్పటి ఖతియాన్ (హక్కుల పత్రం), మౌజా (రెవెన్యూ గ్రామం), ప్లాట్ నంబర్లు ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైటు భూలేఖ్‌లో దొరుకుతాయి, కాని పాత సర్వే నంబరుకు కొత్త ప్లాట్ నంబరు ఏదో తెలియకపోతే ఆ వెతుకులాట వృథా. తహసీల్ ఆఫీసులో పాత అమీనుల (భూమి కొలిచేవారి) కాలం నుంచి ఉన్న గుమాస్తా ఒకరు ఆ సంబంధం చెప్పగలరు. జమీందారీ ఊరైతే 1951 నాటి ఎస్టేటు రద్దు చట్టానికి ముందు కౌలు ఇచ్చినది జమీందారు కచేరీ కావచ్చు. అప్పుడు కాగితం తెలుగులో ఉండే అవకాశం ఎక్కువ.

1936కు ముందు ప్రభుత్వ రికార్డుల కోసం చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కు వెళ్ళాలి, తరువాతి వాటికి భువనేశ్వర్‌లోని ఒడిశా స్టేట్ ఆర్కైవ్స్‌కు. చాలామంది రెండోదానితో సరిపెట్టుకుని, 1936కు ముందు ఊళ్ళో ఏమీ లేదని రాసేస్తారు. బర్మా ఆయిల్ పాత కాగితాలు ఇంగ్లండులో వార్విక్ విశ్వవిద్యాలయంలోని బీపీ ఆర్కైవ్‌లో ఉన్నాయి, ఎందుకంటే ఆ కంపెనీ వారసత్వం 2000లో బీపీకి చేరింది. మన ఊరి బంకు కోసం అంతదూరం పోనక్కరలేదు. పత్రికల ప్రకటనలు చూడండి. శశిభూషణ రథ్ 1913లో బరంపురంలో ప్రారంభించిన ఒడియా పత్రిక ఆశ, మద్రాసు నుంచి వచ్చిన ఆంధ్రపత్రిక, ఈ రెండిటి పాత సంచికలు పక్కపక్కన పెట్టుకుని ప్రకటనల పేజీలు తిరగేయటం చాలా ఓపిక కావలసిన పని గాని, లాభం ఉంటుంది.

సమాచార హక్కు చట్టం పనికొస్తుంది, పద్ధతిగా వాడితే. ప్రభుత్వరంగ ఆయిల్ కంపెనీలు, పెసో దాని పరిధిలోనే ఉన్నాయి; రుసుము 10 రూపాయలు, గడువు 30 రోజులు. వాణిజ్య రహస్యం అని తిప్పికొడతారేమోనని భయపడేవారు 8(3) సెక్షను చదువుకోవాలి, 20 ఏళ్ళు దాటిన సంగతులకు ఆ సాకు చెల్లదు. నాకు ఒక కార్యాలయం నుంచి ఐదు నెలల తరువాత "రికార్డు లభ్యం కాలేదు" అన్న ఒక్క పంక్తి జవాబు వచ్చింది. తరువాత ప్రశ్న మార్చాను: కాగితం అడగకుండా, ఫలానా తాలూకాలో 1980కి ముందు జారీ అయిన లైసెన్సుల రిజిస్టరులో ఆ పేజీ నకలు ఇవ్వమన్నాను. మూడు వారాల్లో వచ్చింది. ఫైలు పోవచ్చు, రిజిస్టరు సాధారణంగా పోదు.

మనుషులను అడిగే పద్ధతి

మన ప్రాంతంలో లారీ క్లీనరు, పంపు దగ్గర పనిచేసినవారు, కిరసనాయిలు డీలరు గుమాస్తా, వీరిలో సగం తెలుగువారు, సగం ఒడియావారు; ఒకరినే అడిగితే సగం కథే వస్తుంది. ఒడియా పెద్దవారిని "ఆజ్ఞా" అని సంబోధించి మొదలుపెట్టండి, మీ ఒడియా ఎంత వంకరగా ఉన్నా ఆ ఒక్క మాటతో కుర్చీ వేస్తారు. సంవత్సరం అడగవద్దు, గుర్తు అడగండి. ఇంగ్లీషు చదవనివారికి కంపెనీ పేర్లు గుర్తుండవు గాని బోర్డు మీది బొమ్మ గుర్తుంటుంది: ఆల్చిప్ప అంటే బర్మా షెల్, నక్షత్రం అంటే కాల్టెక్స్, పులి అంటే ఎస్సో, రెక్కల గుర్రం అంటే మొబిలాయిల్ డబ్బా. తరువాత పంపు ఎలా ఉండేదో అడగండి. చేత్తో పిడి అటూ ఇటూ తిప్పితే పైన ఉన్న రెండు గాజు సీసాల్లో ఒకటి నిండుతూ ఉంటే రెండోది బండి ట్యాంకులోకి ఖాళీ అయ్యేది. కొనేవాడు సీసా మీద గీత చూసి ఒప్పుకుంటేనే కుళాయి తిప్పేవారు. కరెంటు పంపు వచ్చిన రోజు ఊళ్ళో పెద్ద సంగతి, కరెంటు ఎప్పుడు వచ్చిందో మరోచోట తెలుసుకోవచ్చు గనుక తేదీ అలా కట్టుకోవచ్చు.

యుద్ధకాలం గురించి అడిగితే మాటలు ఆగవు. 1942 మార్చిలో జపానువారికి దక్కకుండా సిరియం రిఫైనరీని బ్రిటిషువారే ధ్వంసం చేశారు, ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద బాంబులు పడ్డాయి, పెట్రోలు రేషను మీద ఇచ్చేవారు. బస్సుల వెనక బొగ్గు పొయ్యి కట్టి, ఆ గ్యాసుతో నడిపేవారు. ఎత్తు వస్తే ప్రయాణికులు దిగి తోయవలసిందే. ఆ రోజుల్లో బంకు మూతపడిందా, రేషను కూపన్లతో నడిచిందా అన్నది మీరు తప్పకుండా అడగవలసిన ప్రశ్న. రంగం నుంచి ఆ ఏడాది కాలినడకన తిరిగివచ్చిన కుటుంబాలు మన జిల్లాల్లో ఎన్నో ఉన్నాయి. నూనె కంపెనీ కథ, ఆ కుటుంబాల కథ ఒకేచోట తెగాయి.

వస్తువులను వదలవద్దు. పాత ఇళ్ళలో బియ్యం కొలవటానికో, నీళ్ళు తోడటానికో, పశువుల కుడితికో వాడుతున్న చదరపు రేకు డబ్బా కనబడితే దాన్ని బోర్లించి, మసి తుడిచి, పక్క నుంచి టార్చి వెలుగు ఏటవాలుగా పడేటట్టు పట్టుకోండి. ఎదురుగా చూస్తే కనబడని ఎత్తచ్చు అక్షరాలు అప్పుడు లేచి వస్తాయి. నాలుగు గాలన్లు, అంటే సుమారు 18 లీటర్లు పట్టే ఆ డబ్బాలు రెండేసి చొప్పున చెక్కపెట్టెలో వచ్చేవి. నూనె అయిపోయాక డబ్బాకు నూనె కన్నా ఎక్కువ ఆయుష్షు ఉండేది. సుద్దముక్కతో అక్షరాల మీద తేలికగా రుద్ది ఫోటో తీయండి, ఇసుకకాగితం మాత్రం తాకించవద్దు. పక్కన ఒక స్కేలు పెట్టి, డబ్బా ఎవరింట్లో ఏ ఊళ్ళో దొరికిందో చీటీ రాసి అదే ఫోటోలో కనబడేటట్టు పెట్టండి.

రాసేటప్పుడు బంకు కథను కంపెనీ కథలో కలిపేయకుండా, ప్రతి అధ్యాయం బంకు వైపు నుంచే మొదలుపెట్టండి. 2002 ఏప్రిల్‌లో ధరల నియంత్రణ విధానం పోవటం, 2010లో పెట్రోలు ధర, 2014లో డీజిలు ధర కంపెనీల చేతికి రావటం, 2017 జూన్ 16 నుంచి రోజూ ధర మారటం, ఇవన్నీ ఒక్కొక్క వాక్యంలో చెప్పి వదిలేయవచ్చు. సరిహద్దు మీద పన్నుల తేడా వల్ల ఇచ్ఛాపురం వైపు వాహనాలు ఒడిశా బంకుకు వచ్చి నిలబడటం మాత్రం విడిగా రాయవలసిన సంగతి. మన ప్రాంతపు కథలో ఇతరులకు తెలియనిది అదే. ఊళ్ళ పేర్లు కాగితంలో ఎలా ఉంటే అలా ఒకసారి రాసి, పక్కన నేటి పేరు ఇవ్వండి. ఎవరి అమ్మకాల లెక్కలూ, అప్పుల లెక్కలూ ఆ కుటుంబం అనుమతి లేకుండా అచ్చులో పెట్టకండి. రాత పూర్తయ్యాక ఒక ప్రతిని డీలరుగారి పెద్దకొడుకు చేత చదివించి, తప్పులు దిద్దించి, తరువాత దాని సారాంశాన్ని ఒడియాలో రెండు పేజీలు రాయించి చివర చేర్చండి. లైసెన్సు నక్షా కాపీ, కౌలు దస్తావేజు నంబరు, మీరు మాట్లాడినవారి జాబితా మాత్రం మీ దగ్గర ఒక కవరులో విడిగా ఉంచండి, ఆ బంకు స్థలం మీద రేపు ఎప్పుడైనా రోడ్డు వెడల్పు చేసినప్పుడు మొదట అవే అడుగుతారు.